ఎస్తేరు టీచరు చూసిన శుక్రుడు

చూసినదాన్ని చూడలేదని ఎస్తేరు టీచరుగారి చేత కాగితం మీద చెప్పించారు. ఆ కాగితానికి సీసం అక్షరాలు పేర్చింది నేను. ఇది 1977 వేసవి మొదట్లో తిరువూరులో జరిగింది. నలభై ఏళ్ళు దాటిపోయింది గదా, ఇప్పుడెందుకీ గోల అని మా ఇంట్లోవాళ్ళు అడుగుతారు. తప్పుకి ఏళ్ళు నిండితే ఒప్పయిపోతుందా అని నేను అడుగుతాను. వాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

మొన్న పొద్దున పక్కింటి తలుపులకి రంగు వేసే మనిషి బ్రష్షుల్ని కిరసనాయిల్లో కడిగాడు. ఈ రోజుల్లో అతనికి అది ఎక్కడ దొరికిందో తెలీదు. ఆ వాసన గోడ దాటి మా వరండాలోకి వచ్చింది. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే నేను మళ్ళీ అప్పటి శేషయ్యగారి అచ్చు ప్రెస్సులో నిలబడ్డాను. పని అయ్యాక అక్షరాలకంటిన సిరాని కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాళ్ళం. ఎంత తుడిచినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. కాఫీ చల్లారిపోయింది. ఆ రోజు ఇంక ఎక్కడా కూర్చోలేకపోయాను. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో. చివరికి ఇది రాయడానికి కూర్చున్నాను. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. బస్టాండుకి నాలుగడుగుల దూరంలో శేషయ్యగారిది కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు. అందులో నేను కంపోజిటరుని, అంటే అక్షరాలు పేర్చేవాణ్ణి. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, బడుల పరీక్ష పేపర్లు, అన్నీ నా వేళ్ళ మీదుగా పోయేవి. పుస్తకాలు కొనుక్కునే వీల్లేని నాకు వచ్చిన చదువంతా అలా వచ్చిందే, ఒక్కొక్క అక్షరం, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. ఎస్తేరు టీచరుగారు ఊళ్ళో ఒక ఎయిడెడ్ స్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆ స్కూలు పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో వయసు. తెల్ల నేతచీర, చేతిలో నల్ల గొడుగు. నాన్న విస్సన్నపేట వైపు మామిడితోటల్లో కూలి. ఆ తోటల్లోనే దీపం పెట్టుకుని చదివానని ఒకసారి చెప్పారు, గొప్పగా కాదు, ఫలానా బస్సెక్కి వచ్చాను అన్నట్టు. పరీక్ష పేపర్ల ప్రూఫు దిద్దడానికి మా ప్రెస్సుకి వచ్చేవారు.

1977 జనవరిలో అనుకుంటాను, ఆవిడ ప్రూఫు చూస్తుంటే నేను పక్కన నిలబడి నసుగుతున్నాను.

"ఏంటి రాఘవులూ, ఏదో అడగాలని ఉంది నీకు."

"మూఢం అంటే ఏంటండీ?"

ఆవిడ పెన్సిలు ఆపారు. "అది మీ పురోహితుల్ని అడగాల్సింది గదా. నన్నడుగుతావేం?"

"మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, పెళ్ళిళ్ళు లేకపోతే శుభలేఖలుండవు, మాకు పనుండదు. ఎక్కడినుంచి వస్తుందండీ అది? శేషయ్యగారిని అడిగితే నోర్మూసుకుని అక్షరాల కేసులు తుడవమన్నారు."

లోపలి గదిలోంచి శేషయ్యగారి గొంతు వచ్చింది. "ఇప్పుడూ అదే అంటున్నా."

ఆవిడ నవ్వారు. పైన వేలాడే బల్బు కిందకి నన్ను రమ్మన్నారు. బల్బు సూర్యుడన్నారు. తన బొటనవేలు శుక్రుడన్నారు. నా తల భూమి. వేలుని బల్బు చుట్టూ మెల్లగా తిప్పుతూ, "కనపడుతోందా?" అని అడుగుతూ వచ్చారు. వేలు బల్బుకి దగ్గరగా, నాకూ దానికీ మధ్యకి వచ్చేసరికి నా కళ్ళు చెదిరాయి, వేలు మాయమైంది. "ఇప్పుడు?" అన్నారు. లేదన్నాను. "అదే మూఢం. వేలు ఎక్కడికీ పోలేదు. నీకు కనపడలేదు, అంతే. వెలుగు ఎక్కువైతే కూడా కొన్ని కనపడవు."

అది విన్న దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. ఆవిడ ఎప్పుడొస్తారా అని చూడటం, రాగానే ప్రశ్నలు గుమ్మరించడం. శుక్రుడికి సొంత వెలుగుందా? అక్కడ మనుషులుంటారా? భూమిని అక్కడినుంచి చూస్తే ఎలా ఉంటుంది, వాళ్ళకి మన మూఢం ఉంటుందా? కొన్నిటికి జవాబు చెప్పేవారు. కొన్నిటికి "నాకు తెలీదు" అనేవారు. ఒక టీచరు నోట నాకు తెలీదన్న మాట నేను వినడం అదే మొదలు. బడిలో నన్ను కొట్టిన మాస్టార్లు ఒక్కరూ ఆ మాట అనలేదు. అని ఉంటే నేను ఏడుతో ఆగేవాణ్ణి కాదని ఇప్పటికీ మండుతుంది నాకు.

ఆవిడ దగ్గరొక రూళ్ళ నోటుబుక్కు ఉండేది. ప్రతి పేజీకీ మధ్యలో గీత. ఎడమవైపు కళ్ళారా చూసింది, కుడివైపు విన్నదీ చదివిందీ. "రెండూ కలిపేస్తే నీకే తెలీకుండా పోతుంది, ఏది నీదో" అని నా చేత కూడా ఒక పుస్తకం కుట్టించారు. ప్రెస్సులో మిగిలిన కాగితం ముక్కలతో కుట్టుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి స్కూలు వెనక్కి రమ్మన్నారు, శుక్రుణ్ణి చూపిస్తానని. శేషయ్యగారు పగలబడి నవ్వారు. "పగలే చుక్కలు చూపిస్తారా టీచరుగారూ మావాడికి? ఆ పని నేను రోజూ చేస్తూనే ఉన్నాను."

గోడకి తూర్పు పక్క నీడలో వెల్లకిలా పడుకోమన్నారు. సూర్యుడు గోడ వెనక ఉన్నాడు. దాదాపు నడినెత్తిన ఎక్కడ చూడాలో గొడుగు చివరతో చూపించారు. నీలం తప్ప ఏమీ లేదు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. "తొందరపడకు. మొదట ఆ దూరపు కొబ్బరి మట్టని చూడు, అక్కడినుంచి కన్ను పైకి తీసుకెళ్ళు." అలా మూడుసార్లో నాలుగుసార్లో చేశాను. ఉన్నట్టుండి కనపడింది. ఉప్పురవ్వంత తెల్లటి నలుసు. అంత స్పష్టంగా ఉన్నదాన్ని ఇందాకటిదాకా ఎలా చూడలేదో అర్థం కాలేదు. రెప్ప వేశాను, పోయింది. మళ్ళీ వెతికితే మళ్ళీ దొరికింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళుగా పట్టపగలు నా నెత్తిమీద అది తిరుగుతుంటే ఒక్కడు కూడా చెప్పలేదేమిటని కోపం వచ్చింది. ఆ మాటే అన్నాను.

"కోపం మంచిదే," అన్నారు ఆవిడ, "ముందు నీ పుస్తకంలో ఎడమవైపు రాయి, తర్వాత కోప్పడు."

ఆవిడ స్వయంగా చేసుకున్న దుర్భిణి ఒకటుండేది. బట్టల తానుల మధ్య వచ్చే అట్ట గొట్టం. ముందు చివర బెజవాడ కళ్ళజోళ్ళ షాపులో కొన్న అద్దం, వెనక చివర గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం. దానికి చెక్క కాళ్ళు. మార్చిలో దాన్ని మా ప్రెస్సు డాబా మీదికి తెచ్చారు, అక్కడినుంచి గంపలగూడెం వైపు పడమరంతా ఖాళీగా ఉంటుందని. కింద వీధిలో ఎన్నికల మైకులు అరుస్తున్నాయి. గొట్టంలో శుక్రుడు చుక్క కాదు, నెలవంక! చిన్నది, పదునైనది, వణుకుతోంది.

"ఇది తలకిందులుగా ఉందండీ," అన్నాను వెంటనే.

"ఎలా చెప్పావు?"

"సూర్యుడు కింద గదండీ దిగాడు. వెలుగు కిందివైపు పడాలి. ఇందులో పైవైపు ఉంది. మా అక్షరాల్లాగే తిరగేసి చూపిస్తోంది మీ గొట్టం."

ఆవిడ నన్ను పక్కకి జరిపి తానూ ఒకసారి చూశారు. తర్వాత, "పదో తరగతికి ఇది రెండు రోజులు చెప్పాను," అన్నారు. "నిన్ను బడి మాన్పించింది ఎవరు రాఘవులూ?" నన్నెవరూ అంతవరకూ ఆ ప్రశ్న అడగలేదు. ఏదో నష్టం జరిగిందని అనుకున్నవాళ్ళే లేరు.

రోజురోజుకీ నెలవంక సన్నబడుతూ, పెద్దదవుతూ, కిందికి జారుతూ వచ్చింది. ఉగాది వెళ్ళింది. గురువారం నుంచి శుక్రమూఢం అని పంచాంగంలో ఉంది. ఆ ముందు వారమంతా శుభలేఖల పని ఊపిరాడనివ్వలేదు, గురువారం నాటికి ప్రెస్సు బోసిపోయింది. శుక్రవారం సాయంత్రం ఆవిడా నేనూ డాబా ఎక్కాం. సూర్యుడు పూర్తిగా దిగేదాకా గొట్టం ముట్టుకోనివ్వలేదు, కళ్ళు పోతాయని. దిగగానే ఆవిడ వెతికారు. తర్వాత పక్కకి జరిగి, "చూడు" అన్నారు. కత్తిరించి పారేసిన గోరంత ఉంది, ఎర్రటి మసకలో. చూశాను. ఇంకో పది నిమిషాలకి గొట్టం అక్కర్లేకుండానే, దిగువన తాటిచెట్ల మీద, ఉత్త కళ్ళతో చూశాను. ఆవిడా చూశారు.

"మరి మూఢం వచ్చేసిందన్నారు గదండీ?"

"వాళ్ళది లెక్క. సూర్యుడికి ఇన్ని డిగ్రీల లోపలికి వస్తే మూఢం అని పెట్టుకున్నారు. మనది కన్ను. దేని దారి దానిది. నువ్వు రాసుకుని ఊరుకో."

నేను రాసుకున్నాను. ఊరుకోలేదు.

మర్నాడు పెనుగొలను నుంచి వెంకట్రామయ్యగారు వచ్చారు. పెద్ద రైతు, మాకు పాత ఖాతాదారు. కూతురి పెళ్ళి కుదిరింది, ముహూర్తం మూఢం పోయాక మే నెలలో. శుభలేఖ నమూనాలు చూస్తూ గొణుక్కుంటున్నారు. "అప్పటికి మామిడి కోతలు మీద పడతాయి శేషయ్యా. బళ్ళు దొరకవు, మనుషులు దొరకరు. వచ్చే బుధవారం అయితే ఎంత బాగుండేది! మూఢం అడ్డం పడింది."

నేను కేసు ముందు నిలబడి వింటున్నాను. నా నోరు ఆగలేదు. "మూఢం ఇంకా ఎక్కడ వచ్చిందండీ? నిన్న సాయంత్రం కూడా శుక్రుడు కనపడ్డాడంట. ఎస్తేరు టీచరుగారు చూశారంట."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఎవరు? సైన్సు టీచరే? ఖాయంగా చూసిందంటనా?"

"ఆవిడ తప్పు చెప్పరండి."

ఆయన నమూనాలు అక్కడే పడేసి లేచారు. అటునుంచి అటే వియ్యంకుడి ఇంటికి వెళ్ళి, బుధవారం చేసేద్దాం, మూఢం ఇంకా రాలేదట, ఫలానా టీచరు కళ్ళతో చూసిందట అన్నారు. ఆ వియ్యంకుడు మండిపడ్డాడు. "చర్చికెళ్ళే టీచరమ్మ చెప్పిందని మూఢంలో మా వాడికి పెళ్ళి చేస్తావా? రేపు ఏదన్నా జరిగితే ఆవిడొచ్చి నిలబడుతుందా?" అని సంబంధమే వద్దన్నాడు. కుదిరిన పెళ్ళి తప్పిపోయేలా ఉంది. వెంకట్రామయ్యగారు మనిషి చెడ్డవారు కాదు. కానీ కూతురి సంబంధం పోతోంది, తన తొందరే దానికి కారణం. ఆ మాట పైకి ఎలా అంటారు? టీచరు అబద్ధం చెప్పి తనను మోసం చేసిందన్నారు. ఆవిడ చేత అది అబద్ధమని ఒప్పిస్తేనే తాను శాంతిస్తానని వియ్యంకుడన్నాడు.

సోమవారం స్కూలు వరండాలో పంచాయితీ. స్కూలు నడిపే కరస్పాండెంటుగారు కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరు వియ్యంకులు, పురోహితుడుగారు, స్కూలు హెడ్మాస్టరు. పరీక్ష పేపర్ల కట్టలు మోసుకుని శేషయ్యగారూ నేనూ అప్పుడే వెళ్ళాం. మెట్ల దగ్గర ఆగిపోయాం.

"చూశానన్నారట, నిజమేనా?" అన్నారు కరస్పాండెంటుగారు.

"చూశానండి. కానీ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళ సంగతి నేను మాట్లాడలేదు."

"మరి వీళ్ళకెలా తెలిసింది? సరే, అది వదిలేయండి. మీరు కాక ఇంకెవరన్నా చూశారా?"

ఆవిడ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నేను చూశానండి," అన్నారు. "అంతే చెప్పగలను."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. శేషయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని ఉన్నారు. ఆ ఉద్యోగం పోతే నాకింకోటి లేదు, ఇంట్లో అమ్మా ఇద్దరు చెల్లెళ్ళూ. కట్ట దించి తల వంచుకుని లోపలికి వెళ్ళాను. ఒక్క పురోహితుడుగారు మాత్రం అన్నారు, "ఆవిడ అబద్ధం చెప్పిందని నేననడం లేదండీ. లెక్క వేరు, కంటికి అగుపించడం వేరు. కొన్ని ఏళ్ళు ఇట్లా రోజు అటూ ఇటూ అవుతుంది." ఆ మాట ఎవరికీ కావలసింది కాదు. ఎవరూ వినలేదు. ఇన్నేళ్ళలో ఆయన మీద మాత్రం నాకు కోపం లేదు. మిగతా అందరి మీదా ఉంది.

చూశానన్నది అబద్ధమని ఆవిడే రాసివ్వాలని పంచాయితీలో తేల్చారు. మర్నాడు ఆ కాగితం మా ప్రెస్సుకి వచ్చింది, కరపత్రంగా వేసి ఊళ్ళో పంచమని. "శుక్రగ్రహమును చూచితినని నేను చెప్పిన మాట వాస్తవము కాదు. నా వలన కలిగిన ఇబ్బందికి పెద్దలందరినీ క్షమాపణ కోరుచున్నాను." కింద ఆవిడ పేరు. నేను వెయ్యనని శేషయ్యగారితో అన్నాను. ఆయన కేకలెయ్యలేదు. దానికే నాకు భయం వేసింది. "నువ్వు వెయ్యకపోతే నూజివీడులో వేయించుకుంటారు. అటు ఆవిడ పరువూ నిలబడదు, ఇటు మన ప్రెస్సూ నిలబడదు," అన్నారు మెల్లగా. పేర్చాను. రెండు వాక్యాలకి రెండు గంటలు పట్టింది.

సాయంత్రం ప్రూఫు చూడటానికి ఆవిడే వచ్చారు, ఎప్పట్లాగే గొడుగు గోడకి ఆనించి, పెన్సిలు తీసి. పరీక్ష పేపరు చూసినట్టే అక్షరం అక్షరం చూశారు. చివరికి ఒకచోట వేలు పెట్టారు.

"ఈ 'కాదు' దగ్గర సిరా తక్కువ పడింది రాఘవులూ. బాగా పడేట్టు చూడు. చదివేవాళ్ళకి కనపడాలి గదా."

అంతే అన్నారు. సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆ వేసవి సెలవులతోనే స్కూలు మానేశారు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పలేదు. తాళం పడ్డ ఇంటి ముందు నిలబడి వెనక్కి వచ్చాను.

నేను తర్వాత చాలా చదివాను, అన్నీ నాకు నేనే. ఆఫ్‌సెట్టు మిషన్లొచ్చి ప్రెస్సు మూతపడ్డాక ప్రూఫులు దిద్ది బతికాను. ఇప్పటికీ పేజీకి మధ్యలో గీత కొట్టకుండా ఏదీ రాయను. వార్తాపత్రిక చదువుతున్నా, ఇది వీడు చూశాడా విన్నాడా అని పక్కన గుర్తు పెడతాను. టీవీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే అదే ప్రశ్న అడుగుతాను, ఇంట్లోవాళ్ళు సౌండు తగ్గిస్తారు. అరవై దాటాక ఉత్తరాలు మొదలుపెట్టాను. ఆ స్కూలు యాజమాన్యానికి రాశాను, ఆవిడ చెప్పింది నిజమేనని, బలవంతంగా రాయించామని ఒక్క కాగితం ఇవ్వండని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి పాత రికార్డులు లేవన్నారు. మూడోది తిరిగొచ్చింది, స్కూలు మూసేశారు, ఆ స్థలంలో కల్యాణమండపం కట్టారు. వెంకట్రామయ్యగారు అప్పటికే పోయారు. ఆయన కూతురికి ఫోను చేశాను. "మా పెళ్ళి మేలో బాగానే జరిగిందండీ, ఇద్దరు మనవలు కూడా. ఆ టీచరెవరో నాకు తెలీదే!" అంది ఆవిడ, పాపం నిజంగానే. ఎవరి పెళ్ళి కోసం ఒక మనిషి మాట వెనక్కి లాగారో ఆ పెళ్ళికూతురికి ఆ సంగతే తెలీదు. ఆ ఫోను పెట్టేశాక నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

పోయిన ఏడాది, ఆవిడ అప్పట్లో వెళ్ళే చర్చి పాస్టరుగారి ద్వారా తెలిసింది, ఎస్తేరు టీచరుగారు బతికే ఉన్నారని, బాపట్లలో అక్క కూతురి దగ్గర ఉన్నారని. నాలుగు పేజీలు రాశాను. స్కూలునీ, కరస్పాండెంటునీ, ఇద్దరు వియ్యంకుల్నీ పేరు పేరునా తిట్టాను. మూడో పేజీలో, ఇన్నేళ్ళూ ఎవరితోనూ అననిది రాశాను. వెంకట్రామయ్యగారికి చెప్పింది నేనేనని, నోరు జారానని, నా వల్లే మీ ఉద్యోగం పోయిందని, క్షమించమని. పోస్టు చేశాక డబ్బా దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకునేవాణ్ణి. నెలా పది రోజులకి ఇన్లాండు కవరు వచ్చింది. అక్షరాలు వణికాయి గానీ ఒక్క తప్పు లేదు. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"రాఘవులుకి, నీ ఉత్తరం అందింది. నా కంటిచూపు తగ్గింది, అమ్మాయి చదివి వినిపించింది. జవాబు మాత్రం నేనే రాస్తున్నాను. వెంకట్రామయ్యగారికి చెప్పింది నువ్వేనని నాకు ఆ సోమవారమే తెలుసు, ఇంకెవరికీ తెలిసే వీల్లేదు గదా. దానికి నాకు కోపం లేదు. ఉన్నమాటే చెప్పావు. ఉద్యోగం ఇంకోచోట దొరికింది, ఇరవై ఏళ్ళు పిల్లలకి అదే పాఠం చెప్పాను. వాళ్ళకీ వీళ్ళకీ ఉత్తరాలు రాయడం మానెయ్యి. వాళ్ళు చూడలేదు, వాళ్ళు ఏ కాగితమిస్తే మాత్రం నాకెందుకు? ఒక్కటే నాకు ఇప్పటికీ తెలీదు. నువ్వు నాలుగు పేజీలు రాశావు, అందులోనూ లేదు. ఆ శుక్రవారం డాబా మీద ఇద్దరం ఉన్నాం. నువ్వూ చూశావు. నేనొక్కదాన్నే చూశానని ఎందుకు చెప్పావు?"